జింకు దిమ్మకు రంగు

పడవ కొనడం ఒక ఎత్తు, కొన్న పడవను బతికించుకోవడం ఇంకో ఎత్తు. మొదటిది ఎనిమిదేళ్ల కిందట ఒక్క పూటలో అయిపోయింది. రెండోది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసినన్నాళ్లూ ఆయనకు సెలవంటే పడవ. రిటైరయ్యాక రోజంతా పడవే. ఆవిడకేమో ఇంట్లో ముందుగదినిండా పెద్ద కుట్టుమిషను, దాని మీద తెరచాపలు, పడవల మీద కప్పే గుడ్డలు, పరుపుల గలీబులు. రేవులో వాళ్లు తెచ్చిందీ కుట్టడమే, మొగుడు కుట్టమన్నదీ కుట్టడమే. పడవ ఆయనది, గుడ్డ ఆవిడది అని ఎవరూ అనకుండానే పంపకాలు జరిగిపోయాయి. పడవలో వెళ్లినప్పుడు ఆవిడ చుక్కాని పట్టుకోకపోలేదు. ఆయన పట్టుకోమన్నంతసేపు పట్టుకునేది, ఇటివ్వమంటే ఇచ్చేసేది.

ఈ శుక్రవారం ఆ పడవను నీళ్లలోకి దించి, రెండు పగళ్లూ రెండు రాత్రుళ్లూ ప్రయాణం చేసి దీవులకు చేరాలి. చేరి ఆర్నెల్లు అక్కడే తిరగాలి. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఏ మాట మొదలెట్టినా చివరికి ఆ దీవుల దగ్గరికే వచ్చి ఆగేది.

బుధవారం పొద్దున ఆవిడ తమ్ముడు పడవ కింద వెల్లకిలా పడుకుని పడీపడీ నవ్వాడు.

తమ్ముడంటే ఆ పడవల యార్డు నడిపేవాడు. క్రేనూ వాడిదే, నోరూ వాడిదే. నెల్లాళ్లుగా పడవ ఇనప కాళ్ల మీద గట్టున నిలబడి ఉంది. అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా వేసే ఎర్రరంగు బావ ముందురోజే వేశాడు. ఎలా వేశాడో చూద్దామని వీడు కిందకి దూరాడు.

"అక్కా, ఇలా రా! మీ ఆయన ఘనకార్యం చూద్దువుగాని. ఊరందరికీ నెత్తీనోరూ బాదుకుని చెప్పిన మనిషి ఏం చేశాడో చూడు!"

ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, వంగి చూసింది. ప్రొపెల్లరు ఇరుసుకు బిగించి పిడికెడు జింకు దిమ్మ ఒకటుంటుంది. ఉప్పునీళ్లు లోహాన్ని తినేస్తాయి కదా, ఆ దిమ్మ ఉంటే ముందు అది అరుగుతుంది, ఉప్పు ప్రొపెల్లరు జోలికి రాదు. అందుకే దానికి మాత్రం రంగు తగలనివ్వకూడదు. తగిలిందా, అది ఉన్నా లేనట్టే లెక్క. ఈ సంగతి యార్డులో అందరికీ నేర్పింది ఆయనే. రెండేళ్ల కిందట పాపం ఓ లెక్కల మాస్టారు ముచ్చటపడి తన పడవ దిమ్మకు రంగేసుకుంటే, ఆయన్ని ఎండలో నిలబెట్టి అరగంటసేపు వాయించాడు. ఇప్పుడు ఈయన పడవ దిమ్మే ఎర్రగా నిగనిగలాడుతోంది. అదీ ఒకటి కాదు, రెండు పూతలు.

"బావకి మతిమరుపొచ్చిందే," అంటూ తమ్ముడు లేచి, ప్యాంటు దులుపుకుని వెళ్లిపోయాడు. సాయంత్రందాకా నలుగురికీ చెప్పి నవ్వుకోవడానికి వాడికి సరుకు దొరికింది.

ఆవిడకు నవ్వు రాలేదు. ఆయన దేన్నయినా వదులుతాడేమో గానీ మరచిపోడు. వంటింటి గోడనిండా ఆయన రాసి అంటించిన జాబితాలే. తాళ్లకొకటి, తాగునీళ్లకొకటి, మందులకొకటి, కరెంటు పోతే చేత్తో నడిపే వస్తువులకొకటి. పంపు కరెంటుదైతే చేతిపంపు ఒకటి పక్కనుండాల్సిందే. అలాంటి మనిషికి దిమ్మ గుర్తులేకపోవడమేంటి? ఆవిడ ఆ దిమ్మ మీద వేలు పెట్టి చూసింది. బ్రష్షు పడవ అడుగు నుంచి ఇరుసు మీదికి, ఇరుసు నుంచి దిమ్మ మీదికి ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయింది. మరచిపోయి వేసినట్టు లేదది. చూడకుండా వేసినట్టుంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎనిమిది నెలలుగా జాబితా ఆయన చదవడం లేదు. "నువ్వు చదువు, నేను వింటూ పని చేసుకుంటా," అంటున్నాడు. బోల్టు మీద అంకె చూడమంటాడు. మోకాలు నొప్పని స్కూటరు తీయడం మానేశాడు. ఆవిడేమో ఇన్నాళ్లకు తనను కూడా పడవలో కలుపుకుంటున్నాడని లోలోపల తెగ మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

నిచ్చెనెక్కి పడవలోకి దిగింది. ఆయన బల్ల కింద భుజందాకా చెయ్యి పెట్టి వాల్వులు తిప్పుతున్నాడు. ఆ పడవ అడుగున ఏడు రంధ్రాలున్నాయి. ఇంజను చల్లబడటానికి నీళ్లు వచ్చేది ఒకటి, వంటతొట్టిలో నీళ్లు పోయేది ఒకటి, అలా ఏడు. ప్రతిదానికీ ఒక వాల్వు. వాల్వు విరిగితే బిగగొట్టడానికి చెక్క బిరడా ఒకటి దాని పక్కనే దారంతో కట్టి ఉంటుంది. "మన పడవకి మనమే ఏడు బొక్కలు పెట్టుకుని, మునగొద్దని కోరుకుంటున్నాం," అని నవ్వుతుంటాడాయన. వారానికోసారి ఏడూ తిప్పాలంటాడు. తిప్పకుండా వదిలేస్తే సరిగ్గా ప్రాణం మీదికి వచ్చిన రోజే మొరాయిస్తాయట.

"ఏవండీ, తెరచాప ఎత్తే తాడేది ఈ రెండిట్లో?" అంటూ పక్కనున్న రెండు తాళ్లు తీసి అందించింది.

ఆయన రెండూ చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. "ఇది. రెండోది లంగరుది. ఎందుకు?"

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, పిడికిలి ముందుకు చాపింది. "మరి ఇదేంటి?"

"మళ్లీ తాడేగా. ఏంటే నీ గోల, పనుంది నాకు."

పిడికిలిలో ఏమీ లేదు. ఆవిడ మెల్లగా వేళ్లు విప్పింది. విప్పినా ఆయన ముఖంలో మార్పు లేదు.

"తాడు లేదండీ, ఉత్త చెయ్యే అది," అంది.

ఆయన చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు, తుడిచిన వేలే మళ్లీ తుడుచుకున్నాడు.

"నడిమధ్య మసకే," అన్నాడు చివరికి. "అంచులు కనిపిస్తాయి. నిన్ను చూస్తే చెవులు కనిపిస్తాయి, జడ కనిపిస్తుంది. మొహం కనిపించదు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఎనిమిది నెలలు. డాక్టరు దగ్గరికి వెళ్లా. పూర్తిగా పోదన్నాడు. పోయింది మాత్రం రాదన్నాడు."

"ఒక్కరే వెళ్లారా?"

"చెబితే ప్రయాణం మానేద్దామంటావు."

"అంటానండీ, ఎందుకనను!"

"అందుకే చెప్పలేదు."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. కళ్లు పోతున్నందుకు ఏడవాలో, దాచినందుకు తిట్టాలో తెలియక ముందు తిట్టడమే మొదలుపెట్టింది. "నడిసముద్రంలో చెబుదామనుకున్నారా? ఎదురుగా ఓడ వస్తుంటే, అది కుడికి పోతోందో ఎడమకి పోతోందో ఆ ఎర్రదీపం, పచ్చదీపం చూసి చెప్పేదెవరు? నేను కింద నిద్రపోతుంటే?"

"నిన్నొక్కటడుగుతా. ఈ ఎనిమిది నెలల్లో జాబితాలు చదివిందెవరు? ఇంజన్లో గాలి చేరితే తీసిందెవరు? మొన్న దిక్సూచి సరిచూసిందెవరు? నేను పక్కన కూర్చుని చెప్పాను, అంతే. పడవ ఎప్పుడో నీకు అప్పజెప్పేశాను. నువ్వు భయపడకూడదని నీకు తెలీకుండా..."

"నాకు తెలీకుండా నాకు అప్పజెప్పడమేంటండీ? నేనేమన్నా సామానా, చెప్పకుండా ఎటంటే అటు సర్దెయ్యడానికి? దిమ్మకి రంగేసి మూసేస్తే అది కాపాడాల్సిందే దెబ్బతింటుందని ఊరందరికీ చెప్పారుగా! నాకు మీరు చేసిందేంటి మరి?"

ఆయన తల దించుకున్నాడు. ఏ దిమ్మ సంగతి మాట్లాడుతోందో ఆయనకు ఇంకా తెలియదు. చెప్పింది. చెప్పగానే ఆయన బల్ల మీద కూలబడి, "నేనా? నేను వేశానా?" అన్నాడు. కళ్ల సంగతి చెప్పినప్పుడు కూడా ఆ గొంతు అంతగా పడిపోలేదు.

ఆవిడ ఇంటికి వచ్చేసి మిషను ముందు కూర్చుంది. ఎవరిదో తెరచాప అంచు చిరిగితే తెచ్చిచ్చారు. గాలికంటే ఎండే తెరచాపను ఎక్కువ తినేస్తుంది, అందులోనూ ముందు పోయేది దారం. గుడ్డ గట్టిగానే ఉంటుంది, కుట్టు మాత్రం గోటితో గీకితే రాలిపోతుంది. ఆవిడ గోటితో గీకుతూ కూర్చుంది. భయం వేసింది, అందులో దాపరికం ఏముంది. ఆయన చెప్పకుండా ఒంటరిగా ఎనిమిది నెలలు ఎలా మోశాడా అని జాలేసింది. మళ్లీ కోపం వచ్చింది. అన్నం వేళకు ఆయన వచ్చి ఎదురుగా కూర్చుంటే, కంచం ఆయన చేతికి తగిలేలా జరిపి పెట్టింది గానీ పలకరించలేదు.

గురువారం పొద్దున్నే ఇనప బ్రష్షు పట్టుకుని ఆవిడ పడవ కిందికి దూరింది. గంటసేపు దిమ్మను గీకింది. ఎర్రరంగు జుట్టులో పడింది, నోట్లో పడింది. ఆయన వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"చూడండి," అని ఆయన చెయ్యి పట్టి దిమ్మ మీద పెట్టింది.

ఆయన బొటనవేలితో చుట్టూ తడిమాడు. "ఇక్కడ కొంచెం ఉంది," అన్నాడు. నిజమే, గోరంత ఉంది. దాన్నీ గీకేసింది.

"ఇక వినండి," అంది బ్రష్షు కింద పెట్టి. "దీవులు ఇప్పుడు లేవు. రేపు పడవ దింపుతాం. పగటిపూటే, ఒడ్డు కనిపిస్తూ ఉండేలా, దీపస్తంభం ఉన్న రేవుదాకా వెళ్తాం. అక్కడి ఆసుపత్రిలో కంటి డాక్టరుకి ఇద్దరం కనిపిద్దాం. ఆయన ఏం చెప్తాడో నా చెవులతో నేను వినాలి. దీవుల సంగతి ఆ తర్వాత. అదీ నేను వెళ్దామంటేనే."

"మరి నేనేం చెయ్యాలి?" చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"మీ చేతులకేమొచ్చింది? బాగానే ఉన్నాయిగా!"

ఆ యార్డులో ఒక పద్ధతుంది, అదీ ఆయన పెట్టిందే. పడవ ఎవరి మాట మీద నడుస్తుందో వాళ్లను సరంగు అంటారు. ఆ సరంగు కళ్లకు గంతలు కట్టుకుని పడవలోని వాల్వులన్నీ ముట్టుకోవాలి. అప్పటిదాకా క్రేను కొక్కెం కిందికి దిగదు. సముద్రంలో ఏ ముప్పు వచ్చినా దీపాలే ముందు పోతాయని ఆయన వాదన. పక్కవాళ్లు నోరు మెదపకూడదు. శుక్రవారం పొద్దున తమ్ముడు తువ్వాలు పట్టుకుని పడవెక్కాడు.

"రండి బావా, గంతలు కట్టించుకోండి. దిమ్మకి రంగేసిన చేతులు వాల్వులైనా పట్టుకుంటాయో లేదో చూద్దాం."

"నాకు కట్టరా," అంది ఆవిడ. "ఈసారి సరంగు నేను."

తమ్ముడు ఏదో ఎకసెక్కం ఆడబోయి బావ వైపు చూశాడు. బావ తననే చూస్తున్నాడు, కానీ చూపు తన భుజం పక్కగా వెళ్తోంది. అంత నోరున్నవాడూ నోరు మూసుకున్నాడు. అక్క కళ్లకు తువ్వాలు కట్టాడు.

ఇంజను దగ్గరివి రెండూ సులువుగానే దొరికాయి. వంటతొట్టి కింద ఒకటి, మెట్ల వెనక రెండు, మరుగుదొడ్డి పక్కన ఒకటి. ఆరు. ఏడోది తట్టలేదు. పడవ ముందుభాగంలో పడుకునే పరుపు కిందుండాలి. పరుపు ఎత్తబోతే గోడకు బిగించి ఉంది. చేతులు అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఈ చీకటి తనకు తువ్వాలు విప్పేదాకానే, ఆయనకు మాత్రం అలా కాదు కదా అనుకుంది. వెనక ఆయన ఊపిరి బిగబట్టడం వినిపిస్తోంది, పద్ధతి పెట్టినవాడు కదా, పలకడు.

వేలికి కుట్టు తగిలింది. జంట కుట్టు, మూలలో మూడుసార్లు వెనక్కి కొట్టిన కుట్టు. అలా కొట్టేది ఆ రేవు మొత్తంలో ఆవిడొక్కతే. రెండేళ్ల కిందట పరుపుకూ గలీబుకూ జానెడు చీలిక పెట్టమని ఆయనంటే, ఎందుకని అడగకుండా పెట్టి ఇచ్చింది. ఆ చీలికలో చెయ్యి దూర్చింది. చల్లటి వాల్వు, దాని పక్కనే దారానికి వేలాడుతూ చెక్క బిరడా.

"ఏడు," అంది.

తువ్వాలు విప్పాక చూస్తే, ఆయన చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. తమ్ముడు తన మొహం కనబడకుండా క్రేను వైపు పరిగెత్తాడు.

క్రేను పట్టీల్లో పడవ గాల్లోకి లేచి, ఊగి, మెల్లగా నీళ్లలో కూర్చుంది. పట్టీలు అప్పుడే వదలకూడదు. ముందు లోపల ఎక్కడా నీళ్లు ఊరడం లేదని తేలాలి. ఆయన పడవలోకి ఎక్కి కిందికి దిగాడు. ఆవిడ పైన చుక్కాని పట్టుకుని నిలబడింది. ముందు రాళ్లగట్టు, దాని చివర నీళ్ల మీద గుర్తుకోసం తేలే ఎర్ర పీపా, దాని అవతల తెల్లటి అలల గీత. ఒక్కొక్కటీ పైకే చెప్పింది, కిందున్న మనిషికి వినపడేలా. ఇకనుంచి తను ఇద్దరి కోసమూ చూడాలని ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

ఆయన ఒక్కో వాల్వు చుట్టూ అరచేయి పెట్టి ఆగుతున్నాడు. చెమ్మ ఎక్కడుందో ఏ కళ్లకంటే ముందు ఆ చేతులకే తెలుస్తుంది. క్రేను మీంచి తమ్ముడు, "ఏమంటారు బావా, వదిలెయ్యనా?" అని అరిచాడు. ఎనిమిదేళ్లుగా అడిగింది అలాగే, జవాబు వచ్చిందీ బావ నుంచే.

కిందనుంచి జవాబు వచ్చింది, కానీ తమ్ముడికి కాదు. పెళ్లయిన నాటినుంచీ "ఏమే, ఒసే" తప్ప ఇంకో పిలుపు తెలియని ఆ మనిషి గొంతు సవరించుకుని అన్నాడు.

"ఏడూ పొడిగా ఉన్నాయి, సరంగు గారూ. వదలమంటారా?"

ఆవిడకు కళ్లనిండా నీళ్లొచ్చి ఎర్ర పీపా చెదిరిపోయింది. గబగబా తుడుచుకుంది, ఎవరో ఒకరు చూడాలి కదా.

"వదలరా," అంది తమ్ముడితో.