కేబుల్ లాగే పరీక్ష

ఆ కేబుల్ లాగడానికి వేదశ్రీకి ధైర్యం చాలలేదు. ఎలా చాలుతుంది మరి? నర్సీపట్నంలో ఆ ఆసుపత్రి కంప్యూటర్ల బాధ్యతంతా ఆమె నెత్తినే ఉంది. సర్వర్లూ, నెట్‌వర్కూ, స్టోరేజీ అన్నీ ఒకే బీరువాలో ఇమిడ్చి, ఆసుపత్రికి సొంత క్లౌడ్ కట్టిస్తామని రెండు కంపెనీలు వచ్చాయి. ఏది మంచిదో తేల్చి రిపోర్టు రాయాల్సింది ఈమే. మొదటి కంపెనీ బీరువాని వారం రోజులు వాడి చూడమని పెట్టారు. ఒక కేబుల్ పోతే రెండోది పని అందుకుంటుందా లేదా అన్నది ఆఖరి పరీక్ష.

ఇలాంటి పరీక్షలు ఉత్తుత్తి రికార్డులతో చెయ్యాలి. లోకమంతా అలాగే చేస్తుంది. కానీ మేనేజరు యాజులు గారు దశమినాడు ముహూర్తం పెట్టించి, బీరువాకి పసుపూ కుంకుమా రాసి, "ఖాళీ దానికి పూజేటమ్మా, అశుభం! అసలు రికార్డులే ఎక్కించు. పాత సర్వర్ ఆపేయ్" అన్నారు. వేదశ్రీ నసిగింది. నసిగి నసిగి చివరికి ఎక్కించేసింది. పెద్దాయన మాట కాదనలేని పాడు మొహమాటం!

"లాగండి మేడం, ఏం కాదు" అన్నాడు కంపెనీ ఇంజినీరు శరత్‌చంద్ర.

లాగింది. ఆసుపత్రిలో తెరలన్నీ బిగుసుకుపోయాయి. గబగబా మళ్ళీ గుచ్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఫోను మోగింది. వార్డు నుంచి నర్సు నూకరత్నం.

"అమ్మా, గొలుగొండ సింహాద్రమ్మకి జొరం పేలిపోతంది. డాక్టరుగారు ఇంజక్షను బేగి ఇమ్మన్నారు. ఆవిడకేదో మందు పడదని కంప్యూటర్లో ఉంది గదా, అదేటో సెప్పు. ఇక్కడ తెర రాట్లేదు."

"ఆవిడ కూతుర్ని అడుగు!"

"అడిగినాను. పేరు తెల్దంట. పోయినసారి అది ఇస్తే ఊపిరాగిపోయిందంట, అంతే సెప్తంది."

వేదశ్రీ అరిచింది. "ఇవ్వకు! నేను చెప్పేదాకా ఇవ్వకు!"

పాత సర్వర్ మీట నొక్కింది. అది లేవడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఇప్పిస్తే ఒక భయం, ఆపిస్తే ఇంకో భయం. జ్వరం తలకెక్కితే? ఫిట్సు వస్తే? శరత్‌చంద్ర మూల నిలబడి, ఏదో సెట్టింగు మర్చిపోయామని ఎవరికో ఫోనులో గొణుగుతున్నాడు. వాడి గొంతు పిసికెయ్యాలనిపించింది. అంతకన్నా ముందు తన గొంతే.

తెర వెలిగింది. పేరు దొరికింది. మందు పేరు ఫోనులోకి పైకి చదివింది.

"రత్నం, నీ చేతిలో ఉన్నదేమిటి?"



"అదేనమ్మా" అంది నూకరత్నం సన్నగా. "సిరంజిలోకి లాగేసినాను కూడాను."

"పారబొయ్యి" అంది వేదశ్రీ. నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

వేరే మందుతో సాయంత్రానికి సింహాద్రమ్మ జ్వరం దిగింది. యాజులు గారు రిపోర్టు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"బతికింది కదా. ఈ కంపెనీ పనికిరాదని రాసెయ్, చాలు. అసలు రికార్డుల ఊసెత్తకు. పోతే పోయేది నా ఉద్యోగం కాదమ్మా, నీది."

నిజమే. కానీ ఆ ఊసెత్తకపోతే, రెండో కంపెనీ బీరువా వచ్చినరోజు ఈయన మళ్ళీ ముహూర్తం పెట్టిస్తాడు.

'రోగుల అసలు రికార్డులు ఎక్కించి పరీక్ష చేశాం. ఎక్కించింది నేను' అని రాసింది. దాని కింద 'ఎక్కించమన్నది యాజులు గారు' అని రాసి, ఆయన చూస్తుండగానే సంతకం పెట్టింది.