బొట్టు పెట్టిన ముక్కు

నేను ఒక పొరను. పొరపాటున ఉల్లిపొర అనుకునేరు! కళ్ళల్లో నీళ్ళు తెప్పించడం దాని పని. ఆ నీళ్ళు రాకముందే అరవడం నా పని. తగరమూ ఆక్సిజనూ కలిసి కన్న బిడ్డను, విషవాయువును పసిగట్టే ముక్కును.

నన్ను తయారుచేసింది హైమవతి, విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిని. తయారీ అంతా రవ్వట్టు వ్యవహారమే. నాలుగు వందల డిగ్రీల వేడి మీద గోరంత పింగాణీ బిళ్ళ, దాని మీద తగరపు లవణం కలిపిన నీళ్ళ జల్లు. జల్లు కాస్త ఎక్కువైతే బిళ్ళ చల్లారి పొర పగిలేది, ఆమె గుండె ఝల్లుమనేది. అందుకే ఒకసారి చిలకరించి, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టి, మళ్ళీ చిలకరించేది. అలా పదిహేడుమంది అక్కలు పగిలిపోయాక నేను నిలిచాను. నా రేణువు ఒక్కోటి వెంట్రుక మందంలో నాలుగు వేలో వంతు. ఒంటినిండా రంధ్రాలే. ఆమె గైడుగారు రంధ్రాన్వేషణలో ఉద్దండులు; జీవితంలో మొదటిసారి రంధ్రాలు చూసి సంతోషించారు.

నన్నొక డబ్బాలో పెట్టి, ముఖానికి ఇనుప జాలీ తొడిగి, భీమిలి దగ్గర రొయ్యలు శుభ్రంచేసే షెడ్డులో గోడకు బిగించారు. అక్కడ ఐసు యంత్రాల్లో తిరిగేది అమ్మోనియా. కొద్దిపాటి ఘాటు ఎప్పుడూ ఉండేది కనుక అందరి ముక్కులూ దానికి అలవాటుపడిపోయాయి. అందుకే అలవాటుపడని ముక్కు కావలసి వచ్చింది. అమ్మోనియా హద్దు మీరి నన్ను తాకితే నాలో కరెంటు పరుగెడుతుంది, సైరన్ మోగుతుంది.

యంత్రాలు చూసుకునే నూకరాజు నన్ను ప్రాణంగా చూసుకునేవాడు. అదే నా ప్రాణం మీదికి తెచ్చింది. ఆయుధ పూజ నాడు అన్ని యంత్రాలకూ ధూపం వేశాడు. నాకు వేస్తే అరుస్తానని తెలుసు కనుక ధూపం మాని, ఆ లోటు తీరేలా గంధం, పసుపు కలిపి జాలీ నిండా ఇంత లావు బొట్టు పెట్టాడు. మర్నాటికి అది గోడ సున్నంలా బిగుసుకుంది. మనిషి భక్తితో ముక్కు మూసుకుంటే జపం. నా ముక్కు మూసి దణ్ణం పెట్టాడు!

మూడోరోజు పొద్దున్న నా వెనకున్న పైపు అతుకు దగ్గర సన్నగా సుయ్యిమంది. నాకు వినబడుతోంది, వాసన మాత్రం అందడం లేదు. కింద ఇరవై రెండుమంది ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తున్నారు. ఒకావిడ దగ్గింది. తర్వాత ఇద్దరు. సుయ్యి పెద్దదైంది.

"ఒరే నూకరాజూ, కళ్ళు మండిపోతన్నాయిరా," అంది మరిడమ్మ, వాళ్ళందరిలోకీ పెద్దది.

"పెట్టె మోగనేదు గదా పిన్నీ. ఏటీ అవనేదు, పని సూసుకో."

ఆ మాట వినగానే నాలో నేనే కుంగిపోయాను. నేను లేని రోజుల్లో అయితే ఈపాటికి అందరూ బయటికి పరుగెత్తేవారు. నా మౌనాన్ని నమ్మి కూర్చున్నారు.

"నీ పెట్టె మోగకపోతే నా కళ్ళు అబద్దమాడతన్నాయేట్రా?" అంటూ మరిడమ్మ స్టూలెక్కింది. జాలీ కేసి చూసింది. "ఓలమ్మో! దీని ముక్కు కప్పెట్టేసి మోగనేదంతావా? నీ ముక్కుకెడతానుండు ఈ బొట్టు!"

దగ్గుతూనే రొయ్యల కత్తి మొనతో గీకింది. పెచ్చు రాలేదు. మళ్ళీ గీకింది. స్టూలు ఊగుతోంది. మూడోసారికి ఆవగింజంత పెచ్చు ఊడింది. ఆ కంతలోంచి ఘాటు వచ్చి నన్ను కొట్టింది.

అరిచాను. పుట్టాక అంత అరుపు అరవలేదు.

నూకరాజు తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని వాల్వు కట్టేశాడు. మరిడమ్మ ఒక్కొక్కరినీ బయటికి తోస్తూ చివరగా తానూ బయటపడి, ఎండలో నిలబడి తలలు లెక్కపెట్టింది. ఇరవై రెండూ ఉన్నాయి. నూకరాజు మాత్రం ఆమె ముందు తలెత్తలేదు.

అంత ఘాటు ఒక్కసారిగా పీల్చిన నేను ఇక నిజం చెప్పగలనో లేదోనని హైమవతి నన్ను విప్పి తీసుకొచ్చేసింది. ఇప్పుడు ప్రయోగశాల సొరుగులో, దూది మీద పడుకున్నాను. నా చోట తమ్ముడున్నాడు. వాడి పక్కన గోడ మీద ఒక గుండ్రటి గీత గీసి "బొట్టు ఇక్కడ" అని రాసి వచ్చిందట.

మరిడమ్మ రోజూ షెడ్డులోకి రాగానే ముందు తన ముక్కుతో గట్టిగా పీల్చి, ఆ తర్వాతే వాడివైపు చూస్తుందని మొన్న హైమవతి ఎవరితోనో చెబుతుంటే విన్నాను. తమ్ముడికి రోషం వస్తుందేమో. నాకు మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి హాయిగా నిద్రపడుతోంది.