నా యాస, ఆయన నోట

పక్షవాతం వచ్చి మా ఆయనకు మాట పడిపోయింది. పేరు బెర్ట్రాన్. ముప్పై ఏళ్ళు రేడియోలో వార్తలు చదివిన మనిషి, పుట్టింది పారిస్‌లో. నేను దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్ దాన్ని. మా ఊళ్ళో మాటలో ఒక్క ముక్క కూడా మింగం, ప్రతిదాన్నీ తీరిగ్గా పలుకుతాం. "నువ్వు ఒక్క వాక్యం పూర్తి చేసేలోపు కాఫీ చల్లారిపోతుంది" అని పెళ్ళయిన రోజు నుంచీ ఏడిపించేవాడు. ఆయన అక్క ఎద్విజ్ అయితే నా ముందే నాలా మాట్లాడి వెక్కిరించేది. ఒళ్ళు మండిపోయేది నాకు.

మాట నేర్పడానికి సోలెన్ అనే అమ్మాయి ఇంటికి వస్తోంది. పొడుగాటి క్రియాపదాలు తీసుకుని, బల్ల మీద ముక్కకో దెబ్బ చొప్పున దరువు వేస్తూ పలికిస్తుంది. ఆ రోజు మాటకి 'మళ్ళీ మొదలుపెడతాం' అని అర్థం, ఫ్రెంచిలో అదంతా ఒకే పదం. పారిస్ వాళ్ళలా 'ర్కొమాఁస్రోఁ' అని కుదించి పలకబోయేసరికి ఆయన నాలుక మడతపడింది. విసుగొచ్చి నేనే ఆయన చెయ్యి పట్టుకుని మా వాళ్ళలా పలుకుతూ బల్ల మీద కొట్టాను. రె, కొ, మంగ్, సె, రొంగ్.

"రె... కొ... మంగ్..." అన్నాడు. తన గొంతు తనే విని టక్కున నోరు మూసేశాడు.

"ఇదే దారి మేడమ్. ముక్కముక్కగా అంటేనే వస్తోంది. ఆలస్యం చేస్తే ఇక రాకపోవచ్చు," అంది సోలెన్.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. నేను నిర్ఘాంతపోయాను. మూగవాడిగానైనా బతుకుతాడు గానీ నాలా మాత్రం మాట్లాడడన్నమాట.

"అంత అసహ్యమా నా మాటంటే? అయితే అలాగే మూగమొద్దులా కూర్చో," అనేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆదివారం చిక్కుడుగింజలు ఉడికిస్తుంటే హాల్లోంచి దరువు వినిపించింది. తొంగిచూశాను. ఆయన ల్యాండ్‌లైన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో తొడ మీద కొట్టుకుంటున్నాడు.

"అ... క్కా... నే... ను..."

అచ్చం మా నాన్న మాట్లాడినట్టే ఉంది.

ఎద్విజ్ గొంతు పెద్దది, గుమ్మం దాకా వినిపిస్తుంది. "ఎవరయ్యా నువ్వు? ఏ పల్లెటూరి నుంచి? అ... క్కా... అట. రాంగ్ నంబర్ నాయనా," అని పకపకా నవ్వి పెట్టేసింది.

ఆయన మొహం పాలిపోయింది. అయిపోయింది, ఇక ఈ జన్మలో నోరు తెరవడనుకున్నాను. ఆవిణ్ణి కడిగిపారేద్దామని ఫోన్ కోసం చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి తోసేసి మళ్ళీ నంబరు నొక్కాడు.

"పె... ట్టె... య్య... కు. బె... ర్ట్రాన్‌... ని. ఇ... క... మా... ఆ... వి... డ... లా... గే... మా... ట్లా... డ... తా... ను."

అటునుంచి ఎద్విజ్ ఏడుపు వినిపించింది. పొయ్యి మీద గింజలు మాడుతున్న వాసన వస్తున్నా నేను గుమ్మంలోంచి కదల్లేకపోయాను.