ఎత్తిపట్టిన కర్రలు

టేకులపల్లి అడవిలో తునికాకు కోస్తూ బండ మీద జారి పడితే హెప్సిబా చీలమండ విరిగింది, కీలును పట్టి ఉంచే నరాలూ తెగాయి. ఖమ్మంలో డాక్టరు ఆపరేషన్ చేసి ఎముకకు ప్లేటు వేశాడు. నరాలు అతుక్కునేదాకా కీలు కదలకుండా అడ్డంగా ఒక స్క్రూ బిగించి, తను చెప్పేదాకా కాలు కింద మోపొద్దన్నాడు.

ఆమె భర్త షాలేమ్‌రాజు సంఘపెద్ద. భార్య లేచి నడిస్తే అందరి ముందూ సాక్ష్యం చెప్పిస్తానని ప్రార్థనలో మాటిచ్చాడు. లేచేదాకా ఆగితే సరిపోయేది. కుట్లు ఎండాయో లేదో, కృతజ్ఞత కూడిక పెట్టేశాడు. కొత్తగూడెం నుంచి పెద్ద పాస్టరు కూడా వచ్చేసరికి ఇక ఒళ్లు తెలియలేదు.

"విశ్వాసముంటే నడువ్, హెప్సిబా!" అంటూ ఆమె చంకకర్రలు లాక్కుని పైకెత్తి పట్టుకున్నాడు.

ఆమె ఒక్కసారి ఆయన మొహంలోకి చూసి, పళ్లు బిగబట్టి వేదిక దాకా నడిచింది. జనం హల్లెలూయ అన్నారు. అందరికంటే గట్టిగా ఆయనే అన్నాడు.

స్క్రూ విరిగింది. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

"ఎవరమ్మా నిన్ను నడవమన్నది?" డాక్టరు గద్దించాడు. పక్కనే ఉన్న షాలేమ్‌రాజు కిటికీ వైపు తిరిగాడు.

"ఎవ్వరనలే సార్. నేనే జల్దిపడి నడిచిన," అంది హెప్సిబా.

డాక్టరు వెళ్లగానే ఆయన ఆమె మంచం పక్కన కూలబడ్డాడు. "నా తప్పు నీ మీదేసుకుంటివేందే?" అని ఏడ్చాడు.

ఆమె మంచానికి ఆనించిన కర్రలు రెండూ ఒక్కొక్కటిగా తీసి, ఆయన చెయ్యి అందని అవతలి పక్కన పెట్టుకుంది.