ప్రసన్న చెప్పులు ఎటు తిరిగాయి

నీలిపుట్టులో పొద్దున లేవగానే ఎవరైనా మొదట చూసేది గుమ్మం బయట వదిలిన చెప్పుల్నే. రాత్రి ఎలా విడిచినా సరే, తెల్లారేసరికి అవి మనిషి మనసు ఎటు పోతుందో అటు తిరిగి ఉంటాయి. సంత రోజున ఊళ్ళో చెప్పులన్నీ ముంచింగిపుట్టు వైపు ముఖం పెడతాయి. "బడివైపు తిరగలేదేటిరా నీ చెప్పులు?" అని తల్లులు పిల్లల వీపు మీద ఒకటి వేస్తారు. పాస్టరుగారి చెప్పులు ఒక్కోసారి చేపలు పట్టే గెడ్డ వాగు వైపు తిరుగుతాయి. ఆ ఆదివారం ప్రసంగం పొట్టిగా ఉంటుందని అందరికీ ముందే తెలిసిపోతుంది.

ఒకటే కట్టడి. ఒకరి చెప్పులు మరొకరు చేత్తో తిప్పకూడదు. తిప్పితే మనసు కూడా అటే తిరిగిపోతుంది. ఆ తిప్పిన చెయ్యే వాటిని జలపాతం నీళ్ళలో కడిగితే తప్ప ఆ పట్టు విడవదు.

లాజరస్ మాత్రం తన టైరు చెప్పుల్ని రేకుపెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కిందికి తోసేసేవాడు. "నా మనసు ఊరందరికీ ఎందుకు?" అనేవాడు. ఊరందరి మనసులూ మాత్రం ఆయనకు కావాలి. తెల్లారగానే చేతికర్ర పట్టుకుని ఇంటింటి గుమ్మం చూసుకుంటూ పోయేవాడు.

అలా తయారవడానికి కారణం ఉంది. మొగుడు పోయిన కూతురు సుజానా చెప్పులు ఒకప్పుడు కొన్నాళ్ళపాటు బస్సు రోడ్డు వైపే తిరిగాయి. కాఫీ పళ్ళు కోసే హడావుడిలో లాజరస్ చూసుకోలేదు. సుజానా చంటిపిల్లను తండ్రి దగ్గర వదిలేసి, అనకాపల్లి తాపీమేస్త్రీతో వెళ్ళిపోయింది. ఆ పేరు తన ఇంట్లో ఎత్తకూడదని లాజరస్ చర్చిలో అందరి ముందూ చెప్పాడు. ఆ చంటిపిల్ల ప్రసన్నే ఇప్పుడు ఆయనకు మిగిలిన మనిషి. సంత వీధిలో జిరాక్సు షాపులో పని చేస్తోంది. ఈ పిల్ల కూడా ఏదో ఒక రోజు బస్సెక్కేస్తుందని ఆయన భయం.

అందుకే అరుగు మీద జలపాతం మాట వినపడగానే, మిరియాలు చెరుగుతున్న చేట ఆయన చేతిలో ఆగిపోయింది.

"ఆదివారం ఆరాధన అవగానే బయల్దేరిపోదాం," అంటోంది ప్రసన్న స్నేహితురాలు మెర్లిన్. "పులిహోర నాది. బొంగులో చికెన్ అజయ్‌ది."

"కోడి నాది, బొంగు మీది," అన్నాడు అజయ్. అతను కిరాణా కొట్టు వరహాలరావు కొడుకు. "నాకు బొంగు నరకడం రాదు."

"తినడం వచ్చునా?" అంది ప్రసన్న. "జలగలకి ఉప్పు మర్సిపోకు."

లాజరస్ గుమ్మంలోకి వచ్చాడు. "ఉప్పమ్ముకునే గుంటడికి జలపాతంతో ఏటి పని?"

"సూడ్డానికే తాతా," అంది ప్రసన్న.

"నీళ్ళు మీంచి కిందకి పడతాయి. అందులో సూసేదేటుంది?"

"నువ్వూ రా తాతా," అంది మెర్లిన్.

ప్రసన్న చటుక్కున మెర్లిన్‌ని గిల్లింది. లాజరస్ ఆ గిల్లుడు చూశాడు.

"ఏ దారిన తిరిగొత్తారు?"

"కిందికి దిగి, చింతమలుపు కాడ రోడ్డెక్కి వచ్చేత్తాం," అంది ప్రసన్న.

"ఎల్లిన దారినే రాకూడదా? రోడ్డెందుకు? అక్కడ బస్సు తప్ప ఏటాగుతాది?"

అజయ్ ఫోనులో లేనిదేదో వెతుక్కున్నాడు.

ఆదివారం తెల్లారకముందే లాజరస్ లేచాడు. మెర్లిన్ గుమ్మం ముందు చెప్పులు కాఫీ తోటల మీదుగా జలపాతం వైపు తిరిగున్నాయి. కొట్టు ముందు అజయ్ బూట్లూ అటే. "తెలివైన గుంటడు, వాళ్ళయ్యవి పెట్టుంటాడు," అనుకుని లాజరస్ ఆ బూట్ల సైజు కూడా జానతో కొలిచి చూశాడు. తన ఇంటికి తిరిగొచ్చి చూస్తే, ప్రసన్న నీలం చెప్పులు తిన్నగా బస్సు రోడ్డు వైపు ఉన్నాయి.

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. వంగి, రెండు చెప్పుల్నీ గుమ్మంకేసి తిప్పేశాడు.

మెర్లిన్ వచ్చి పిలిచినప్పుడు ప్రసన్న దువ్వెన పక్కన పడేసింది. "నాకు రాబుద్ధి అవట్లేదే."

"అదేటే! ఈయాల కాకపోతే..." మెర్లిన్ లాజరస్ ముఖం చూసి మాట మింగేసింది.

ఆ మధ్యాహ్నం మనవరాలు పక్కన కూర్చుంటే లాజరస్ మరో ముద్ద ఎక్కువే తిన్నాడు. సోమవారం ఆమె షాపుకి వెళ్ళలేదు. మంగళవారం గుమ్మం దాకా వచ్చి, ఎందుకొచ్చిందో మరిచిపోయినట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నవ్వడం కూడా మానేసింది. చెప్పులు మాత్రం రోజూ పొద్దున్నే గుమ్మంకేసే చూస్తూ ఉండేవి.

లాజరస్ వీధిలోకి వెళ్తే జనం మాటలాపి ఆయన చేతులకేసి చూడడం మొదలుపెట్టారు. చివరికి మెర్లినే అరుగు మీదకొచ్చి నిలదీసింది.

"నువ్వే తిప్పీసినావా తాతా?"

"ఎవులు సూసినారు?"

"ఎవులూ సూడలేదు. అందుకే నువ్వనుకున్నాను. అది ఎవుల్తోనో ఎల్లిపోతాదనుకున్నావు కదా? వాళ్ళమ్మ వచ్చింది తాతా, ఆ బస్సులో. మేస్త్రీ సచ్చిపోయి రెండేళ్ళయింది. నీకు జడిసి ఊళ్ళోకి రానని అజయ్ ఫోనుకి సేసి సెప్పింది. ప్రసన్న రోడ్డు మీదకెళ్ళి జలపాతం కాడికి తెత్తే, మాతో కలిపి ఇంటికి తీసుకొద్దామనుకున్నాం. పదిమందిలో ఉంటే నువ్వరవవు కదా."

లాజరస్ చేతికర్ర నేలకు ఆనింది.

"నాను ఒక్కదాన్నే రోడ్డు కాడికి పరిగెత్తినాను. నా కూతురికే రాబుద్ధి అవలేదా అన్నాది. వచ్చిన బస్సు తిరిగెళ్ళేదాకా సూసి, అందులోనే ఎల్లిపోనాది."

ఆ సాయంత్రం లాజరస్ మంచం కింద నుంచి రేకుపెట్టె లాగాడు. టైరు చెప్పుల మీద దుమ్ము దులిపి, గుమ్మం బయట, ప్రసన్న చెప్పుల పక్కన పెట్టాడు.

మర్నాడు ఊరు ఊరంతా చూసింది. టైరు చెప్పులు బస్సు రోడ్డు వైపు తిరిగున్నాయి. ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో కాస్త నెమ్మదిగా నడిచి పోయారు. మిరియాల కోసం వచ్చిన అజయ్ సైకిల్ దిగి, ఫోను తీసి, ఆ చెప్పులకి ఫోటో కొట్టాడు. ఎవరికి పంపుతున్నావని అడగబోయి లాజరస్ నోరు మూసుకున్నాడు. మర్నాడూ, ఆ మర్నాడూ చెప్పులు అటే తిరిగాయి.

శనివారం అరుగు మీద ఆయనే లెక్క మొదలుపెట్టాడు. "రేపు జలపాతానికి ఎవులెవులు వత్తారు? ఉప్పు ఎవులు తెత్తారు?"

"నీళ్ళు మీంచి కిందకి పడతాయి," అన్నాడు అజయ్. "అందులో సూసేదేటుంది తాతా?"

"నోర్మూసుకుని బొంగు నరుకు."

ఆదివారం మెర్లిన్ ముందూ అజయ్ వెనకా నడుస్తుంటే, లాజరస్ ప్రసన్న చెప్పుల్ని తువ్వాలులో చుట్టుకుని కొండెక్కాడు. కాళ్ళకు పట్టిన జలగల్ని కూడా లాక్కోలేదు. నీళ్ళు పడేచోట మోకాళ్ళ లోతున నిలబడి, తాను తిప్పిన ఆ రెండు చెప్పుల్నీ, ఏ చేత్తో తిప్పాడో ఆ చేత్తోనే, మెర్లిన్ చాలు తాతా అని అరిచేదాకా తోముతూనే ఉన్నాడు.

రోడ్డు వైపు చూడకుండా వెళ్ళిన దారినే తిరిగొచ్చాడు. ఇంటి ముందు ఆగిపోయాడు.

గుమ్మం బయట ఒక జత ఆడవాళ్ళ చెప్పులున్నాయి. ఎర్రమట్టి పట్టి, ఒక బద్దీకి పిన్నీసు పెట్టి ఉంది. అవి గుమ్మంకేసే చూస్తున్నాయి. వాటిని ఎవరూ తిప్పలేదని మడమల అరుగుదల చూస్తేనే తెలుస్తోంది. ఊరు విడిచినా, ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే ఇటే తిరిగి తిరిగి, ఒకవైపే అరిగిపోయాయి.

లోపల ప్రసన్న నవ్వుతోంది. మరో గొంతు ఏదో చెబుతోంది.

లాజరస్ తడి చెప్పుల్ని వాటి పక్కన పెట్టాడు. తన టైరు చెప్పులూ అక్కడే విడిచాడు. ప్రసన్న చెప్పులు నేల మీద మెల్లగా కదిలిన చప్పుడు వినపడింది. అవి ఎటు తిరిగాయో చూడకుండా ఆయన తల వంచి గుమ్మం దాటాడు.