మూత రాని భరిణె

నేను ఒక కుంకుమ భరిణెను. నిమ్మకాయంత ఉంటాను. ఒళ్లంతా పసుపు, నడుముకు ఎర్రని పట్టీ. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రలోంచి పుట్టాను. భరిణె అన్నాక మూత తీయగానే చిన్నగా ‘టక్’మనాలి. మా ఊళ్లో పనివాడి గొప్పంతా ఆ చప్పుడులోనే ఉంది. నాకూ ఆ చప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. అదెలా పోయిందో చెబుతాను.

నన్ను చేసింది నూకరత్నం. కర్రను గిరగిరా తిప్పి చెక్కే తరిమెన మీద మగవాళ్లే కూర్చోవాలని, ఆడవాళ్లు మొగలి ఆకుతో మెరుగు పెట్టి ఊరుకోవాలని ఆమె మామ సన్యాసిరావు పట్టుదల. నలభై ఏళ్లు ఆ తరిమెనను ఏలిన మనిషి. ఇప్పుడు చేతులు వణికి ఉలి నిలవడం లేదు. కొడుకు, అంటే రత్నం మొగుడు, లారీ నడుపుకుంటూ ఊళ్లు తిరుగుతాడు, ఉలి ముట్టడు. మామ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు రత్నం తరిమెన ఎక్కేది. పదకొండు కర్రలు పాడుచేసి, పన్నెండోదానితో నన్ను చేసింది.

ఒకరోజు ముసలాయనకు తొందరగా మెలకువ వచ్చింది. నన్ను చేతిలోకి తీసుకుని మూత నాలుగుసార్లు తీసి పెట్టాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఇంట్లో వాళ్లను మెచ్చుకోవడమంటే కొందరికి పన్ను పీకించుకున్నంత బాధ.

“పట్నం మేళాకి దీన్నీ అట్టుకెల్దాం. ఎవులైనా కొంటే తరిమెన నీది. కొనకపోతే మా అన్న కొడుక్కి ఇచ్చేత్తాను. మల్లీ నన్నేటీ అడక్కు,” అన్నాడు.

రత్నం తల ఊపింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అలా మే నెలలో ఒక ఆదివారం హైదరాబాదు మేళాకు వచ్చాను. ఆ ఒక్కరోజే మేళా. పెద్ద మైదానం, వరసగా గుడ్డ పందిళ్లు. మా పందిరిది పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు గంటలకు పని చేసి చూపించమని మేళావాళ్లు అడిగారని ఒక చిన్న తరిమెన కూడా వెంట తెచ్చుకున్నారు.

సన్యాసిరావుకు ఒక నియమం ఉంది. బల్ల మీద అన్నిటికన్నా ముందు పెట్టిన వస్తువును బోణీ అయ్యేదాకా కదపకూడదు. కదిపితే ఆరోజు బేరాలు పారిపోతాయట. ఆ పొద్దున బల్ల అంచున అందరికీ కనబడేటట్టు ఆయన పెట్టింది నన్నే. రత్నం ముఖం వెలిగిపోయింది. నేనూ పొంగిపోయాను. ఎండ సంగతి ముగ్గురికీ తట్టలేదు.

పన్నెండయినా బోణీ లేదు. జనం రాకపోలేదు. వచ్చారు, బొమ్మలతో ఫోటోలు దిగారు, ఎంత బాగున్నాయో అన్నారు, ఎదురు పందిట్లో పుచ్చకాయ ముక్కలు కొనుక్కుని వెళ్లారు. పన్నెండున్నరకు ఎండ బల్ల కాళ్ల దగ్గరికి వచ్చింది. ఒంటిగంటకు అంచు మీదికి పాకింది. లక్క సెగ తగిలితే మెత్తబడుతుంది. నా ఒళ్లంతా పూసిన రంగు లక్కే.

“మావయ్యా, ఎండ దాని మీదికొచ్చేత్తంది. రవ్వంత ఎనక్కి జరుపుతాను.”

“బోణీ అవ్వనేదు కదమ్మా. ముట్టుకోకు.”

“కరిగిపోద్ది మావయ్యా!”

“నలబయ్యేళ్లుగా కదపనేదు. ఇయ్యాల నీ కోసం కదపమంటావేటి?”

రత్నం బల్ల ముందుకు వచ్చి, కొంగు చాపి నాకు నీడ పట్టింది. ఆమె అడ్డం నిలబడితే కొనేవాళ్లకు నేను కనబడను. తప్పుకుంటే ఉడికిపోతాను. ఎవరైనా ఇటు చూసినప్పుడల్లా తప్పుకునేది, వాళ్లు వెళ్లగానే మళ్లీ అడ్డం వచ్చేది. ఆమె మెడ మీద చెమట కారుతోంది. నాకు భయం వేసింది.

అప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ ఆగి, నన్నే చూసి, “ఈ పసుపు ఎంత బాగుందో!” అంది. రత్నం పక్కకు జరిగింది. ఆవిడ చెయ్యి చాపబోతుండగా ఫోను మోగింది. చెల్లెలి పెళ్లిచీర అంచు సంగతి. అది తేలడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆవిడ గొడుగు కింద ఉంది, నేను ఎండలో ఉన్నాను. ఎదురుగా కొనే మనిషి ఉండగా కొంగు అడ్డం పెట్టడానికి రత్నానికి ధైర్యం చాలలేదు.

ఫోను అయ్యాక ఆవిడ నన్ను రుమాలుతో పట్టుకుంది. “అబ్బ, కాలుతోందే!” మూత లాగింది, తిప్పింది. “ఇది తెరుచుకోవట్లేదమ్మా. ఉత్త బొమ్మా ఇది?” అంటూ నన్ను ఉన్నచోటే పెట్టి వెళ్లిపోయింది.

రత్నం ఏడవలేదు. నా వైపు చూడకుండా బల్ల కింద సంచీలు సర్దడం మొదలుపెట్టింది.

సన్యాసిరావు లేచాడు. బోణీ కాకుండానే నన్ను తీశాడు. వణికే చేతులతో మూత తిప్పాడు, రాలేదు. పట్టు బిగించేసరికి ఆయన బొటనవేలు మెత్తని లక్కలోకి దిగింది. మూతకీ ఒంటికీ మధ్య గీత కోసం గోటితో తడిమాడు. గీత లేదు. మూత కాస్త వదులుగా ఉన్న భరిణె అయితే లక్క మెత్తబడినా సందు మిగిలేది. నాకు మొదట్నుంచీ సందే లేదు.

“నా మూతలు ఏ ఎండకీ ఇలగ అంటుకోనేదు,” అన్నాడు నెమ్మదిగా. “ఎంటికంత సందు ఎప్పుడూ మిగిలిపోయీది నాకు.”

రత్నం సర్దడం ఆపింది.

ఆయన రొండిన దోపుకున్న నోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “బోణీ నాది.”

“ఇంటోల్ల బోణీ సెల్లదు కదా మావయ్యా?”

“ఇయ్యాల సెల్లుద్ది. ఎవులైనా కొంటే అన్నాను. నేను కొన్నాను.” చిన్న తరిమెన వైపు చెయ్యి చూపించాడు. “రెండవుతంది. కూకో.”

అంతమంది ముందు ఆమె కూర్చుంది. మొదటిసారి ఉలి జారింది. రెండోసారి కర్రపొట్టు పూలలా రాలింది, జనం మూగారు. కాసేపటికి కళ్లద్దాలావిడ కూడా వచ్చింది, ఈసారి ఫోను సంచీలో ఉంది. సాయంత్రానికి బల్ల ఖాళీ అయింది.

ఇప్పుడు నేను ఏటికొప్పాకలో, తరిమెన పైన గూట్లో ఉన్నాను. ఇంతవరకు నాలో కుంకుమ పడలేదు. ముసలాయన పోయి రెండేళ్లయింది. బాగుందన్న మాట ఆయన నోట చివరికీ రాలేదు. నా ఒంటిమీద ఆయన వేలిగుంట అలాగే ఉంది. కొంచెం సెగ చూపించి మొగలి ఆకుతో రుద్దితే నిమిషంలో పోతుంది, కానీ రత్నం రుద్దదు. రోజూ తరిమెన ఎక్కేముందు తన బొటనవేలు ఆ గుంటలో ఒకసారి పెట్టి, తర్వాత ఉలి అందుకుంటుంది.