వంకాయరంగు స్ట్రాలు

రాములమ్మ పొట్టేలు చచ్చి ఏడు నెలలైంది. దాని వీర్యం మాత్రం పులివెందుల పొలిమేరలోని గొర్రెల కేంద్రంలో, నైట్రోజన్ క్యాను అడుగున, నాలుగు సన్నటి స్ట్రాలలో గడ్డకట్టి ఉంది. ఆ క్యాను బాధ్యత ల్యాబ్ అటెండరు సాలోమోనుది.

ఆ పొట్టేలును ఆమె భర్త ఆనందయ్య జమ్మలమడుగు సంతలో పిల్లగా కొన్నాడు. ఎన్నికలకు ముందు తానే దాన్ని కేంద్రానికి తోలుకొచ్చి వీర్యం ఇప్పించాడు. తర్వాత బూత్‌లో ఏజెంటుగా కూర్చున్న పాపానికి, ఫలితాలు వచ్చిన మర్నాడే ఎదుటి పార్టీవాళ్లు తొండూరు దగ్గర అతని దొడ్డి మీద పడి మనిషినీ మందనూ నరికిపోయారు. మిగిలింది ఒక్క గొర్రె. దాని కడుపులో ఆ పొట్టేలు పిల్ల పడాలని, ఆయన పెంచిన జీవం ఒక్కటైనా తన కళ్లముందు తిరగాలని రాములమ్మ పట్టు పట్టింది.

డాక్టరు విశ్వేశ్వరయ్య ఒప్పుకున్నాడు. గడ్డకట్టి కరిగేటప్పుడు వీర్యకణాలకు ఇనుముకు పట్టే తుప్పులాంటి చేటు జరుగుతుందట. అది జరగకుండా, వీర్యం తీసిన రోజే యాంటీఆక్సిడెంట్ మందు కలిపి రెండు స్ట్రాలు, పోల్చి చూడటానికి కలపకుండా రెండు తెల్ల స్ట్రాలు నింపి పెట్టి ఉన్నాడు. మందు కలిపినవాటికి చేతికందిన రంగు వాడాడు. అది వంకాయరంగు.

ఎదుటి పార్టీ జెండా కూడా వంకాయరంగే. రాములమ్మ ఊళ్లో ఆ ఏడాది ఆ రంగు చీర కట్టిన ఆడమనిషి లేదు. సంతలో వంకాయలు కొన్నా సంచి అడుగున దాచుకునేవాళ్లు. మనుషులకు పిచ్చి పడితే కూరగాయలకు కూడా తప్పదు మరి.

స్ట్రాలు కరిగించాల్సిన ముందురోజు, ప్రొద్దుటూరు కబేళాలో పనిచేసే గౌస్ మొహిద్దీన్ అక్కడ కోసిన గొర్రెల అండాశయాలను ఫ్లాస్కులో తెచ్చి ఇచ్చాడు. డాక్టరు వాటిలోంచి అండాలు తీసి సిద్ధం చేశాడు. వాటిని వీర్యంతో ల్యాబ్‌లోనే కలిపి, పిండం కట్టాక రాములమ్మ గొర్రె కడుపులో పెట్టాలి.

"సాలోమోనూ, మందు కలిపినవి రెండూ కరిగించి పట్టుకురా. తెల్లవాటిలో పదింట ఒకటైనా బతకదు," అని లోపలి గదిలోంచి చెప్పాడు.

రాములమ్మ వరండా బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెను జీపులో తెచ్చిన ఆనందయ్య పార్టీవాళ్లు కిటికీ దగ్గర నిలబడ్డారు. ముందున్నవాడు ఆమె మరిది సామ్యూల్. సాలోమోను పటకారుతో స్ట్రాలు పైకి తీయగానే వాడి ముఖం మారిపోయింది.

"ఏందప్పా ఆ రంగు? మా అన్నను నరికినోళ్ల రంగు మా గొర్రె కడుపులో పెడతాండావా?"

"రంగు గొట్టానిదే సామీ, లోపల ఉండేది..."

"మాకు చెప్పాకు. ఊర్లో తెలిస్తే ఆ గొర్రెను బతకనిస్తారా?"

పటకారులో స్ట్రాలు పొగలు కక్కుతూనే ఉన్నాయి. సాలోమోనుకు ఇంటి దగ్గరున్న భార్య ప్రేమమ్మ, పిల్లలు గుర్తుకొచ్చారు. ఆ రెండింటినీ మళ్లీ క్యానులో దించేశాడు. తెల్లవి తీసి, కరిగించి, కత్తిరించి, చిన్న ట్యూబులో పోసి డాక్టరుకు ఇచ్చాడు. ట్యూబులో పోశాక ఏ రంగుదో ఎవరికి తెలుస్తుంది?

మూడో రోజు రాములమ్మ గొర్రెను జీపులో ఎక్కించుకుని వచ్చింది. డాక్టరు మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. ఒక్క అండం కూడా పిండం కాలేదు.

సాలోమోను ఇక దాచలేక జరిగింది చెప్పాడు. డాక్టరు తానే వెళ్లి మిగిలిన రెండు స్ట్రాలు కరిగించి చూశాడు.

"ఒక్కటీ కదలడం లేదు. ఎంతసేపు బయట పెట్టావు?"

"వాళ్లతో మాట్లాడినంతసేపు సార్. నిమిషం ఉంటుంది."

"పది సెకన్లకే పోతాయి. అలా సగం కరిగి మళ్లీ గడ్డకడితే ఏ మందూ కాపాడలేదు," అని డాక్టరు కళ్లజోడు తీసేశాడు.

సాలోమోనుకు ఏడుపొచ్చింది. వరండాలోకి వెళ్లి రాములమ్మ ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆమె గొర్రె వీపు నిమిరింది.

"వంకాయరంగుదైతే ఏందప్పా? లోపల ఉండేది ఆయన పొట్టేలుదే గదా."

"భయపడినాను రాములక్కా. వాళ్లు వద్దన్నారు."

"నేను ఈడనే ఉన్న్యా గదా, పదడుగుల్లో. ఆయన పోయినప్పట్నుంచీ అందరూ ఆ జీపోళ్లనే అడుగుతాండారు. నువ్వు గూడా వాళ్ల మాటే ఇన్న్యావు. నన్ను అడగల్యా."

ఆమె లేచి గొర్రె తాడు చేతికి చుట్టుకుంది.

"వదినా, జీపెక్కు," అన్నాడు సామ్యూల్.

రాములమ్మ వాడి వైపు చూడలేదు. గేటు దాటి, గొర్రెను పట్టుకుని, తొండూరు రోడ్డు మీద ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.